గీసింది గీసినట్టు

తమ చిత్రంలో అక్కడక్కడ కనిపించే ఎర్ర బాణాలు పొరపాటున పడినవి కావనీ, ఒక్కో బాణం వెనుక లోతైన తాత్విక చింతన ఉందనీ నిర్మాణ సంస్థ ఒక ప్రకటనలో తెలియజేసింది. ప్రకటనలో అబద్ధమేమీ లేదు. చింతన ఉన్నమాట నిజమే. కాకపోతే అది కాస్త ఆలస్యంగా వచ్చింది. ముందు వడ్రంగి వచ్చాడు.

వడ్రంగి ఎందుకొచ్చాడో తెలియాలంటే ముందు బొమ్మలక్క సంగతి తెలియాలి. సినిమా తీయబోయే ముందు ప్రతి షాటూ తెరమీద ఎలా కనపడాలో కాగితం మీద గళ్ళుగళ్ళుగా గీసిపెట్టడం ఆవిడ వృత్తి. దాన్ని స్టోరీబోర్డు అంటారు. కెమెరా ఎటు జరగాలో చెప్పడానికి ఆ గడిలో ఎర్ర పెన్సిల్‌తో ఒక బాణం వేస్తారు. మనిషి పరిగెడుతున్నాడని చెప్పడానికి వీపు వెనక నాలుగు గీతలు లాగుతారు. తలుపు దగ్గర్నుంచి సోఫా దాకా నడిచాడని చెప్పడానికి ఒకే గడిలో అతన్నే రెండుసార్లు గీస్తారు. ఆ వృత్తిలో ఇవి పసిపిల్లలకు కూడా తెలిసిన విషయాలు. దురదృష్టవశాత్తూ ఈ చిత్రానికి పనిచేసినవాళ్ళలో పసిపిల్లలెవరూ లేరు.

బొమ్మలక్క జుట్టు నెరిసేదాకా గీసింది గానీ, ఆవిడ గీసిన గడి ఒక్కటైనా గీసినట్టు తెరకెక్కిన పాపాన పోలేదు. షూటింగు మొదలుకాగానే, ఎండ ఎక్కువైందనో, హీరోగారి ఎడమ చెంప ఆరోజు సహకరించడం లేదనో చెప్పి, బోర్డు పక్కన పడేసి ఎవరికి తోచినట్టు వాళ్ళు తీసేవారు. ఆ కాగితాలు కుదురులేని కుర్చీ కాళ్ళ కింద పెట్టుకోవడానికి యూనిట్‌కు ఎంతగానో ఉపయోగపడేవి. ఆవిడ తల్లి మాత్రం ప్రతి సినిమాకూ వెళ్ళి, ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే, "ఇందులో నువ్వు గీసింది ఏదే?" అని అడిగేది. బొమ్మలక్క ఏదో ఒక సీను పేరు చెప్పి తప్పించుకునేది. అబద్ధం చెప్పిన ప్రతిసారీ ఆవిడకు సిగ్గేసేది.

ఈసారి అలా కాకూడదని ఒక గడి గీసింది. చిత్రం మధ్యలో వచ్చే చిన్న షాట్ అది. ఇంట్లో గొడవలన్నీ సద్దుమణిగాక, హీరో తల్లి వంటింటి కిటికీ దగ్గర నిలబడి, తడి చేతులు తుడుచుకుంటూ బయటికి చూస్తుంది. అంతే. కెమెరా కదలదు, కాబట్టి బాణం లేదు. ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు, కాబట్టి గీతలు లేవు. గీసింది తన తల్లినే. పనంతా అయ్యాక వాళ్ళమ్మ రోజూ అలాగే నిలబడి, దేనికోసమూ ఎదురుచూడకుండా కాసేపు బయటికి చూస్తుంది. ఆ నిలబడటంలో ఏముందో బొమ్మలక్కకు చిన్నప్పట్నుంచీ మాటల్లో పెట్టడం చేతకాలేదు. పెన్సిల్‌కు మాత్రం ఇన్నాళ్ళకు చేతనైంది. ఇది ఒక్కటి తెరమీద పడితే చాలు, ఇక పెన్సిల్ ముట్టకపోయినా ఫర్వాలేదనుకుంది.

చిత్ర నిర్మాత నీళ్ళ ట్యాంకుల వ్యాపారంలో పైకొచ్చినవాడు. అంతకుముందు ఒక సినిమా తీసి గట్టిగా దెబ్బతిన్నాడు. ఆ దర్శకుడు కాగితం మీద సముద్రం చూపించి, డబ్బు తీసుకెళ్ళి, ఒక చెరువుగట్టు తీసుకొచ్చాడట. అందుకని ఈ చిత్రం తొలి సమావేశంలో నిర్మాత లేచి, గొంతు సవరించుకుని, కళారంగానికి ఒక కొత్త దారి చూపించాడు.

"నేను కళాకారుణ్ణి కాను. ట్యాంకులు చేసేవాణ్ణి. డ్రాయింగులో గొట్టం కుడివైపుంటే ట్యాంకుకీ కుడివైపే ఉంటుంది. ఎడమవైపు పెట్టేసి, ఇది నా దృక్పథం అంటే నేనొప్పుకోను. నీళ్ళూ ఒప్పుకోవు. సినిమాకైనా ఇదే న్యాయం. ఈ బోర్డులో ఏది గీసుంటే అదే తియ్యాలి. గీసింది గీసినట్టు. ఒక్క గీత ఎక్కువ కాకూడదు, ఒక్క గీత తగ్గకూడదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా బొమ్మలక్క కొట్టింది. ఇంత చల్లని మాట ఆవిడ తన ఉద్యోగ జీవితంలో వినలేదు.

ఈ నియమాన్ని అమలుచేసే బాధ్యతను నిర్మాత తన బావమరిదికి అప్పగించాడు. బావమరిదికి సినిమా గురించి ఏమీ తెలియదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటాడని ఆయన నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు. బావమరిది ప్రతి గడి కిందా ప్రతి శాఖవారి చేతా సంతకం పెట్టించాడు. ఎవరూ గడిలోకి చూడలేదు. తమకంటే పైన ఎవరు సంతకం పెట్టారో చూసి, ధైర్యం తెచ్చుకుని తమది పెట్టారు. పెద్దపెద్ద వంతెనలే ఈ పద్ధతిలో కట్టేస్తున్నారు, సినిమా ఎంత.

షూటింగు మొదటిరోజు బొమ్మలక్క సెట్‌లో అడుగుపెట్టింది. మధ్యతరగతి ఇంటి హాలు. సోఫా, టీపాయి, గోడ గడియారం, తిరగని ఫ్యాను, అన్నీ చక్కగా కుదిరాయి. హాలు మధ్యలో, కప్పు నుంచి తీగలతో వేలాడుతూ, మంచమంత పొడుగున్న ఎర్ర చెక్క బాణం ఒకటి ఉంది. వడ్రంగి మేస్త్రి నిచ్చెనెక్కి దానికి ఆఖరి పూత వేస్తున్నాడు.

"కొస కొంచెం వంకరగా గీశారు కదా మేడమ్. అచ్చం అలాగే చెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా వదల్లేదు" అన్నాడు, మెచ్చుకోలు కోసం ఆగుతూ.

ఇంతలో దర్శకుడు వచ్చాడు. ఇది ఆయన తొలి చిత్రం. రెండు చేతుల వేళ్ళూ కలిపి నలుపలకల చట్రం చేసి, లోకాన్ని ఎప్పుడూ అందులోంచే చూస్తాడు కాబట్టి యూనిట్‌లో ఆయన్ని చట్రం సారు అంటారు. చట్రం సారు వేళ్ళ మధ్యలోంచి బాణాన్ని చూశాడు. వేళ్ళు తీసేసి చూశాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి నిర్మాత చెమర్చిన కళ్ళతో, "ఇదయ్యా నాక్కావాల్సింది. ఎంత గీశారో అంతా తెచ్చి నిలబెట్టారు" అన్నాడు. చట్రం సారు తెరిచిన నోటిని వృథా పోనివ్వకుండా, "నా కాన్సెప్టే అదండీ" అన్నాడు.

బొమ్మలక్క బావమరిదిని పక్కకు పిలిచింది. "అది వస్తువు కాదండీ. కెమెరా కుడివైపు జరగాలని వేసిన గుర్తు" అంది.

బావమరిది బోర్డు తెరిచి, ఆ గడి కింద ఆవిడ సంతకం మీద వేలు పెట్టాడు. "గీసింది మీరు, సంతకం పెట్టింది మీరు. ఇప్పుడు లెక్కలోకి రాదంటే ఎలాగమ్మా? ఇవాళ మీరు బాణం వద్దంటారు. రేపు హీరోగారు ఆ కిటికీ ముసలావిణ్ణి వద్దంటారు. ఆయన ఇప్పటికే అడుగుతున్నారు, ఆ షాట్ లేపేసి అక్కడ తను మెట్లు దిగేది పెట్టమని. గీసింది గీసినట్టేనండీ అని చెప్పి నేనే ఆపుతున్నా. రూలు ఉంచమంటారా, తీసెయ్యమంటారా? మీ ఇష్టం."

ఒక్క మాటంటే బాణం పోతుంది, దాని వెనకే అమ్మా పోతుంది. ఊరుకుంటే బాణమూ ఉంటుంది, అమ్మా ఉంటుంది. ఆవిడ మేస్త్రి వైపు తిరిగి, "కొస బాగా కుదిరింది మేస్త్రీ" అంది. ఆ క్షణం నుంచి ఈ వ్యవహారంలో ఆవిడకూ వాటా ఉంది.

ఆ తర్వాత పని జోరందుకుంది. పరుగు సీనులో హీరోగారి వీపుకు నాలుగు ఇనుప తీగలు కట్టారు. గీసినట్టు గాలిలో అడ్డంగా నిలబడాలి కాబట్టి, కొసలు పట్టుకుని నలుగురు మనుషులు వెనకాల పరిగెత్తారు. వాళ్ళు కనపడకూడదు కాబట్టి గోడ రంగు బట్టలు తొడిగారు. హీరో దొంగను తరుముతుంటే, నాలుగు గోడలు హీరోని తరుముతున్నట్టు వచ్చింది. మధ్యలో దొంగ ఆగి, ఊపిరి పీల్చుకుని, వాళ్ళు అందుకునేదాకా వేచి చూశాడు. చట్రం సారు ఆ షాట్‌ను ఓకే చేస్తూ, సమాజమంటే ఇదేనన్నాడు.

ఒకే గడిలో హీరో రెండుచోట్ల ఉన్నాడని తెలిసేసరికి అలాంటి మనిషి ఇంకొకడు కావలసివచ్చింది. అదృష్టం బాగుండి, హీరోగారి తమ్ముడు ఇంట్లో ఉంగరాలు తిప్పుకుంటూ ఖాళీగా ఉన్నాడు. ఆ విధంగా చిత్ర పరిశ్రమకు మరో యువకిశోరం లభించింది. సోఫాలో అన్న, తలుపు దగ్గర తమ్ముడు. తలుపు దగ్గర నిలబడే ఆ పాత్రను అతను ప్రాణం పెట్టి పోషించాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే హాలులో ఉండి ఒకరినొకరు ఎందుకు పలకరించుకోరో కథలో ఎక్కడా లేదు. ఇంట్లో కూడా పలకరించుకోరు కాబట్టి నటన సహజంగా కుదిరింది.

గుంపును గీసేటప్పుడు ఎవరూ ముఖాలు గీయరు. కోడిగుడ్లలా వరసగా గుండ్రాలు చుట్టేస్తారు. అందువల్ల జూనియర్ ఆర్టిస్టులందరి తలలకూ తెల్లగుడ్డ బిగించి కట్టారు. కన్నుముక్కు తెలియకుండా వాళ్ళు వరసగా నిలబడి, గుడ్డలోంచి జిందాబాద్ అన్నారు. బొమ్మలక్కకు మనసు ఒప్పక, అందులో వయసు మళ్ళినతన్ని ఇబ్బందిగా ఉందా అని అడిగింది. "ఇబ్బందేముందమ్మా, ఎప్పుడూ ఉండేదేగా. ఈసారి గుడ్డ కట్టారు, అంతే" అన్నాడు.

హీరోగారు మొదట బాణాన్ని తనకు పోటీ అనుకుని ముఖం మాడ్చుకున్నాడు. దాని కొస తనవైపే ఉందని ఎవరో చెవిలో వేశాక ముఖం విప్పారింది. ఇకనుంచి అన్ని బాణాలూ తననే చూపించాలని కబురుపెట్టాడు. గీసినవి మార్చడానికి వీల్లేదని బావమరిది చెప్పడంతో, ఆయనే బాణం ఎటు చూపిస్తే అటు వెళ్ళి నిలబడటం మొదలుపెట్టాడు. ఒక బాణం బీరువా పైభాగాన్ని చూపించింది. ఆయన బీరువా ఎక్కి కూర్చుని, కాళ్ళు ఊపుతూ, కింద నిలబడ్డ హీరోయిన్‌తో తన ప్రేమ ఎంత లోతైనదో చెప్పుకున్నాడు.

ఇంత జరిగినా కెమెరా మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు. దాన్ని కదపమని చెప్పే గుర్తులన్నీ చెక్కతో చేసేసి కప్పుకు కట్టేశారు కాబట్టి, ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

కిటికీ షాట్ తీసేరోజు సెట్ ఖాళీగా ఉంది. అందులో బాణమూ లేదు, హీరోగారూ లేరు, అందుకని జనమూ లేరు. మేస్త్రి ఉలి పట్టుకుని వచ్చి, "ఇందులో నాకేమీ లేదా మేడమ్?" అని దిగులుగా అడిగి వెళ్ళిపోయాడు. తల్లి పాత్రధారిణి వచ్చి, బోర్డు చూసి, కిటికీ దగ్గర నిలబడి చేతులు తుడుచుకుంది. బొమ్మలక్క గీసిన గీతకు ఊపిరొచ్చింది. అదే భుజం వంపు, అదే చూపు, ఆ తడి చేతులే. ఇన్నేళ్ళ కష్టమూ ఆ ఒక్క నిమిషంలో తీరిపోయినట్టయి ఆవిడ ఏడ్చేసింది. చట్రం సారు కంగారుపడి, "ఏంటక్కా, ఇందులో పెట్టాల్సింది ఏదైనా మర్చిపోయామా?" అన్నాడు.

చిత్రం విడుదలైంది. విరగబడి ఆడింది. బాణమంటే విధి అని ఒక విమర్శకుడు రాశాడు. కాదు, వ్యవస్థ అని ఇంకొకాయన రాశాడు. ఒక సభలో ఇద్దరూ చొక్కాలు పట్టుకోబోతే, విధిగా మారిన వ్యవస్థ అని మూడో ఆయన రాజీ కుదిర్చి శాలువా కప్పించుకున్నాడు. చట్రం సారు ముగ్గురితోనూ ఏకీభవించాడు. ప్రేక్షకులు మాత్రం అంత దూరం పోలేదు. హాల్లోకి వచ్చాక ఎటు చూడాలో తేల్చుకునే భారం ఇన్నాళ్ళూ తమ నెత్తిన ఉండేది, ఇప్పుడు ఎవరో మహానుభావుడు దాన్ని దించాడని వాళ్ళ సంతోషం.

ఆ సంతోషం హాలు దాటి ఊరిమీద పడింది. నాయకులు వేదికమీద తమ తలపై బాణం లేనిదే మైకు ముట్టడం మానేశారు. ఒక కార్యాలయంలో పనిచేసేవాళ్ళెవరో తెలియడం కోసం బాణాలు కట్టబోయి, ఎవరికి కట్టాలో తేలక, అన్నీ మేనేజరు గదిలోనే కట్టేశారు. ఒక ఇంట్లో అత్తగారు తన కుర్చీ మీద ఒకటి వేలాడదీయించుకుంది. కోడలు మర్నాడే అంతకంటే పెద్దది తెప్పించింది. మామగారు ఎటు చూసినా తప్పే కాబట్టి కళ్ళు మూసుకుని, నిద్రపోతున్నానని చెప్పసాగాడు. వడ్రంగి మేస్త్రికి తల దువ్వుకునే తీరిక లేకుండా పోయింది.

బొమ్మలక్క తన తల్లిని సినిమాకు తీసుకెళ్ళింది. మొదట్నుంచీ హాలంతా ఒకే తల ఉన్నట్టు, బాణంతోపాటు ఇటూ అటూ తిరుగుతోంది. కిటికీ షాట్ వచ్చింది. తలలు ఆగిపోయాయి. కుర్చీలు కిర్రుమన్నాయి. "బాణం ఊడిపోయిందిరోయ్" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఈలలు వేశారు. అమ్మ కూడా తెర ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వెతికి, "ఇప్పుడు ఎటు చూడాలే?" అని కూతురి చెవిలో అడిగింది.

"ఆవిణ్ణి చూడమ్మా."

"ఆవిడేం చెయ్యట్లేదుగా. ఊరికే నిలబడింది."

అంతలో షాట్ అయిపోయింది. ఇంటికొచ్చాక, చెప్పులు విప్పకముందే, "ఇందులో నువ్వు గీసింది ఏదే?" అని అడిగింది అమ్మ.

బొమ్మలక్క వెనక్కి తిరిగి తలుపు గడియ వేసింది. "బాణాలమ్మా" అంది.

అమ్మ ముఖం ఇంతయింది. ఆ సాయంత్రమే వీధి వీధంతా తిరిగి, ఆ బాణాలన్నీ మా అమ్మాయివేనని చెప్పుకుంది. కూతుర్ని చూసి ఆవిడ అంత గర్వపడటం అదే మొదలు. బొమ్మలక్కకు ఆ గర్వం గుండెల్లో ముల్లులా దిగింది.

వారం తిరక్కుండా నిర్మాత నుంచి పిలుపొచ్చింది. ఒక షాట్‌లో బాణం లేకపోవడంపై ప్రేక్షకుల నుంచి తీవ్ర నిరసన వ్యక్తమవుతోందని, దాన్ని సరిదిద్దాలని సంస్థ తీర్మానించింది. "కానీ గీయనిది మేం పెట్టకూడదు కదమ్మా. రూలు రూలే" అన్నాడు బావమరిది. "మీరు గీస్తే పెడతాం. గీయకపోతే షాటే లేపేస్తాం."

"ఎటు చూపించమంటారు?" అని అడిగింది బొమ్మలక్క.

"ఎటైనా ఫర్వాలేదు. బాణమంటూ ఉండాలి."

ఆవిడ అక్కడే కూర్చుని ఎర్ర పెన్సిల్ తీసుకుంది. కిటికీ పైన ఒక బాణం గీసింది. అది కుడికీ చూపించలేదు, ఎడమకీ చూపించలేదు, కింద నిలబడ్డ తల్లినీ చూపించలేదు. కాగితంలోంచి బయటికి, చూసేవాళ్ళ ముఖంలోకి పొడుచుకొచ్చింది. గడి కింద అందరూ సంతకాలు పెట్టారు. అలాంటి కొస చెక్కడం మేస్త్రికి సవాలే అయినా, పట్టుబట్టి చెక్కాడు. తల్లి పాత్రధారిణిని మళ్ళీ పిలిపించి, బాణం అందరి కంటికీ ఆనేలా ఆ షాట్‌ను ఈసారి బాగా పొడిగించి తీశారు.

కొత్త షాట్ కలిపిన రోజున అమ్మ కూతుర్నీ ఇరుగుపొరుగునూ వెంటేసుకుని మళ్ళీ సినిమాకు బయల్దేరింది. ఆవిడకు పొద్దున్నే మెడ పట్టేసింది. కదిలిస్తే ప్రాణం పోతోందంటూనే, కూతురి బాణం చూడకుండా ఉండలేనని వచ్చి కూర్చుంది. కిటికీ షాట్ వచ్చింది. ఎర్ర బాణం తెరలోంచి తిన్నగా జనం మీదికి వచ్చింది. బాణం తమనే చూపిస్తోందేమోనన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. తమ వెనకాల ఏదో ఉందని అర్థమై, హాలు హాలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది.

ముందు వరస రెండో వరసను చూసింది. రెండో వరస మూడో వరసను చూసింది. ఆఖరి వరసవాళ్ళకు చూడటానికి గోడ మిగిలింది. గోడమీద, తలుపు పక్కన, బయటికి దారి చూపించే బాణం ఒకటి వెలుగుతోంది. వాళ్ళు లేచి దాని వెంట నడిచారు. వాళ్ళ వెనక ఇంకో వరస లేచింది. ఎక్కడా తొక్కిసలాట లేదు. ఇరుగుపొరుగుతో సహా హాలంతా ఎంతో క్రమశిక్షణగా బయటికి వెళ్ళిపోయి, ఇంత గొప్ప ముగింపు ఏ సినిమాలోనూ చూడలేదని వీధిలో నిలబడి చెప్పుకుంది.

లోపల ఇద్దరే మిగిలారు. మెడ తిరగని అమ్మ తెరవైపే చూస్తోంది. చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని, తడి ఏమీ లేకపోయినా, మెల్లగా తుడుచుకుంది.

"అవి నా చేతులే కదే" అంది.

"అవునమ్మా."

"మొన్న బాణాలన్నావు?"

"అబద్ధం చెప్పానమ్మా. నేను గీసింది ఇదొక్కటే."

అమ్మ కూతురి చెయ్యి తీసుకుని తన చేతుల్లో పెట్టుకుంది. బొమ్మలక్కకు ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి, ఏది ముందు రానివ్వాలో తెలియలేదు.

జరిగినదానిపై నిర్మాణ సంస్థ విచారణ జరిపించి, మర్నాడు రెండో ప్రకటన వెలువరించింది. ప్రేక్షకుల ప్రవర్తన అన్నివిధాలా ఆదర్శప్రాయంగా ఉందనీ, ఒక్క వృద్ధురాలు మాత్రం బాణాన్ని ధిక్కరించి తెరవైపు చూస్తూ కూర్చున్నట్టు తేలిందనీ, అనారోగ్య కారణాల దృష్ట్యా ఆవిణ్ణి క్షమించామనీ అందులో ఉంది. అలాంటివారు ఎవరైనా తమ పక్కసీట్లో కనపడితే వెంటనే తెలియజేయాలని ప్రజలను కోరింది. మీరు ఎటు చూస్తున్నారని మాత్రం మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీ మెడ బాగానే ఉందని వాళ్ళకు తెలుసు.